జరానికి పేరుంటదా?

పోయిన నెల హైదరాబాదులో ఒక పుస్తకావిష్కరణ సభకి వెళ్ళాను. పల్లె జ్ఞాపకాల పుస్తకం. ఇలాంటివి ఇప్పుడు నెలకి రెండు వస్తున్నాయి. నేనూ కొంటూనే ఉన్నాను కాబట్టి ఈ ఫిర్యాదులో నా వాటా కూడా ఉంది. వేదిక మీద ఒక పెద్దాయన మైకు సవరించుకుని, "మా తాతల కాలంలో ఇన్ని రోగాలెక్కడివండీ? జొన్నరొట్టె తిన్నారు, అంబలి తాగారు, నూరేళ్ళు బతికారు. ఒక్కడు ఆస్పత్రి మొహం చూసిన పాపాన పోలేదు" అన్నారు. హాలంతా చప్పట్లు. కొట్టినవాళ్ళలో సగం మంది నా ఈడువాళ్ళే, వారమంతా గచ్చిబౌలిలో పని చేసుకుని శనివారం సాయంత్రం సాహిత్యం కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళు. నేను కూడా అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి మూడోదానికి ఆగిపోయాను.

ఆస్పత్రి మొహం చూడలేదన్నది నిజమే. చూడ్డానికి ఆస్పత్రి ఉంటే కదా.

ఆ రాత్రి ఇంటికొచ్చి అలమరలో ఉన్న ఊరి జ్ఞాపకాల పుస్తకాలన్నీ కింద పరిచాను. పదకొండు ఉన్నాయి. వాటిలో చావులెక్కడున్నాయో వెతికాను. ఉన్నాయి. తాత చావుంది, చెరువులో పడ్డ దోస్తు చావుంది. ఒకాయన ఎద్దు చావుని ఆరు పేజీలు రాశాడు, దానికి గొంతువాపు ఎలా మొదలైందో, నాలుక ఏ రంగుకి తిరిగిందో కూడా. చాలా మంచి పేజీలవి. అదే పుస్తకంలో "మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారట" అని ఒక్క వాక్యం ఉంది. మిగతా పుస్తకాల్లో కూడా దాదాపు అదే వాక్యం, అంకె మారుతుందంతే. ఎద్దుకేమొచ్చిందో తెలిసిన రచయితకి, తన అన్నకేమొచ్చిందో అమ్మని అడగాలని తోచలేదు.

మన జ్ఞాపకాల సాహిత్యం మీద నా అభియోగం ఇదే. చావుకి కారణం అడగదు. అడగకపోవడాన్నే సున్నితత్వం అనుకుంటుంది.

మాది బోధన్ పక్కన చెరుకు ఊరు. ముందు నిజాంసాగర్ వచ్చింది, మంజీర మీద 1923లో మొదలై 1931కి కట్టడం పూర్తయింది. ఆ కాలువల నీళ్ళకి చెరుకొచ్చింది. చెరుకుని నమ్ముకుని 1930ల చివర్లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015లో మూతపడేదాకా మా వైపు జనం టైమంతా ఆ ఫ్యాక్టరీ కూతతోనే నడిచింది. మా నాయినమ్మ ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు చుట్టూ చెరుకే. ఏడు కాన్పులు. మిగిలింది నలుగురు.

ఇంజనీరింగ్ రెండో ఏడు సెలవుల్లో ఒకసారి ఊరికే అడిగాను.

"మిగతా ముగ్గురేమైన్రు నాయినమ్మా?"

"పోయిన్రు."

"ఎట్ల?"

"జరమొచ్చి."

"ఏం జరం?"

"జరమంటే జరమే బిడ్డా. జరానికి పేరుంటదా?"

అప్పుడు నవ్వుకున్నాను. చదువుకోని ముసలామె మాట అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కూడా అచ్చంగా ఇదే మాట అనేదని. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఊళ్ళో ఎవరైనా పోతే ఆ సంగతి పై అధికారికి చెప్పేది చౌకీదారో గ్రామపెద్దో. కారణాల గళ్ళు కొన్నే: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, దెబ్బలు, ఇతరాలు. తర్వాత ప్లేగు చేరింది. కలరా, మశూచి అయితే చౌకీదారు గుర్తుపడతాడు. మిగతా చావుల్లో అత్యధిక భాగం వెళ్ళి పడేది 'జ్వరాలు' గడిలో. మలేరియా, టైఫాయిడ్, క్షయ, న్యుమోనియా, బాలింత జ్వరం అన్నీ అక్కడే. మా భాషలో చెప్పాలంటే అది ఎల్స్ బ్లాకు. పై షరతులేవీ సరిపోకపోతే ప్రోగ్రామ్ వచ్చి పడే చోటు. ఏ సిస్టమ్‌లోనైనా ఎర్రర్లు సగానికి పైగా ఎల్స్‌లో పడుతున్నాయంటే, ఆ సిస్టమ్ రాసినవాడికి లోపల ఏం జరుగుతోందో తెలీదని అర్థం. నిజాం రాజ్యంలో లెక్క పటేలు, పట్వారీల చేతిలో ఉండేది. ఇంతకంటే మెరుగ్గా ఉండే అవకాశం లేదు.

అదే కాలంలో లండన్‌లో ఏం జరుగుతోందో చూడండి. విక్టోరియా గద్దెనెక్కింది 1837 జూన్ 20న. సరిగ్గా పదకొండు రోజులకి, జూలై 1న, ఇంగ్లండులో జనన మరణాల నమోదు మొదలైంది. ఆ ఆఫీసులో విలియం ఫార్ అనే వైద్యుడు గణాంకాల పనికి చేరాడు. ఈయన గురించి తెలుగులో ఒక మంచి వ్యాసం రావాలి, నాకు చేతకాదు గానీ. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, చావు కారణాల్లో 'ఆకలి' అని చూపించడం. 1837 రెండో సగంలో 63 చావులు ఆకలివని లెక్క తేల్చాడు. పేదల చట్టం నడిపిస్తున్న ఎడ్విన్ చాడ్విక్ మండిపడ్డాడు. అంతమంది ఆకలితో చావడం అబద్ధమని, రోగాల వల్ల పోయినవాళ్ళని ఆ లెక్కలో వేశారని. రోగం వచ్చింది తిండి లేకే కదా అని ఫార్ జవాబు. గుమాస్తాల గొడవలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఆ శతాబ్దపు పెద్ద రాజకీయ వాదాల్లో ఇదొకటి. ఒక గడికి ఏ పేరు పెట్టాలన్నది వాదం. పేరు మారితే దోషి మారతాడు.

ఫార్ 1841 నాటి లెక్కల ప్రకారం పుట్టిన బిడ్డకి సగటు ఆయుర్దాయం సర్రే పల్లె ప్రాంతంలో 45 ఏళ్ళు, లండన్‌లో 37, లివర్‌పూల్‌లో 26. ఒకే దేశం, ఒకే రాణి. ఈ మూడంకెలు పక్కపక్కన అచ్చయ్యాక ఇక ఎవరూ "అంతా దేవుడి లీల" అని తప్పించుకోలేకపోయారు. దేవుడికి లివర్‌పూల్ మీద అంత పగ ఎందుకుంటుంది? 1874 చట్టంతో చావు కారణం మీద డాక్టరు సంతకం తప్పనిసరి అయింది. నీళ్ళ పైపులు, మురుగు కాలువలు మెల్లగా వచ్చాయి, ఎవరి డబ్బుతో వేయాలని ప్రతి మునిసిపాలిటీలో కొట్టుకున్నాక. టైఫాయిడ్ తగ్గింది. క్షయ కూడా మందు రాకముందే తగ్గుముఖం పట్టింది. ఎందుకన్నదాని మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. తిండి మెరుగుపడడమే అసలు కారణమని థామస్ మెకియోన్ అంటే, పైపుల కోసం జరిగిన ఊరి రాజకీయాల్ని మర్చిపోయావు అని తర్వాతివాళ్ళు. నాకు ముఖ్యమనిపించేది, వాళ్ళు కొట్టుకోడానికి లెక్కలున్నాయి.

అంతా బాగైపోయిందని కాదు. 1899లో ఇంగ్లండు, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసివాళ్ళలో 163 మంది ఏడాది నిండకుండా పోయారు. ఆ దశాబ్దంలో ఎండాకాలాలు మండిపోయాయి, ఈగలు, చెడిన పాలు, విరేచనాలు. ప్రపంచాన్ని ఏలే దేశం, పక్క వీధిలో పసిపిల్లకి విరేచనాలు ఆపలేకపోయింది. కానీ ఆ 163 అనే అంకె వాళ్ళని సిగ్గుపడేలా చేసింది. పదేళ్ళలో వందకి దగ్గరగా వచ్చింది.

హాంబర్గ్ కథ ఇంకా స్పష్టం. 1892లో కలరా వచ్చి ఆ ఊళ్ళో ఎనిమిది వేలకి పైగా పోయారు. దాన్నానుకునే ఉన్న ఆల్టోనా ఊరు ఎల్బే నది నీళ్ళనే ఇసుకలో వడగట్టి తాగేది. హాంబర్గ్ వడగట్టకుండా తాగేది. సరిహద్దు వీధిలో కలరా హాంబర్గ్ నల్లా ఉన్న ఇళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఎవరు ఎక్కడ ఏ నీళ్ళు తాగి పోయారో రాసి ఉండబట్టి ఆ గీత కనిపించింది.

మన దగ్గర అదే దశాబ్దం ఎలా గడిచింది? 1891 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం జనాభా కోటి 15 లక్షల పైన. 1901లో కోటి 11 లక్షలు. పదేళ్ళలో పెరగాల్సింది తగ్గింది. మధ్యలో 1899-1900 కరువు. మైక్ డేవిస్ 2001లో రాసిన 'లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్' ఈ కాలపు కరువుల గురించే. ఫార్ లండన్‌లో 'ఆకలి' గడి కోసం పోరాడితే, ఇక్కడి లెక్కల్లో కరువు చావులు జ్వరం కిందికీ, విరేచనాల కిందికీ, కలరా కిందికీ సర్దుకుపోయాయి. 1911-21 మధ్య మళ్ళీ అదే కథ, కోటి 33 లక్షల నుంచి కోటి 24 లక్షలకి. ఆ మధ్యలోనే 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఒక రాజ్యంలో రెండు దశాబ్దాలు జనం తరిగిపోయారు. మన సభల్లో మాత్రం వాళ్ళు అంబలి తాగి నూరేళ్ళు బతికారు.

"మరి మా తాత తొంభై ఏళ్ళు బతికాడుగా?" అంటారు. బతికే ఉంటాడు, మా ముత్తాత కూడా బతికాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాలకి తూట్లు ఎక్కడున్నాయో చూసి, అక్కడ కవచం వేద్దామనుకున్నారట. ఏబ్రహాం వాల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు, తూటాలు ఎక్కడ తగిలితే తిరిగిరారో ఆ చోట్లు చూడమన్నాడు. మన తాతలు తిరిగొచ్చిన విమానాలు. తిరిగిరానివాళ్ళకి మనవలు లేరు, మనవలు లేరు కాబట్టి జ్ఞాపకాల పుస్తకాలూ లేవు.

అయితే అవతలి పక్షం కూడా లెక్క తప్పుతోంది. "1901-11 మధ్య భారతీయుడి ఆయుర్దాయం 23 ఏళ్ళు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు, అప్పటి మనుషులు ఇరవై మూడేళ్ళకే ముసలివాళ్ళయి పోయేవారని అనుకుంటున్నారు. సగటు అలా పని చెయ్యదు. ప్రతి నలుగురైదుగురు పసివాళ్ళలో ఒకరు ఏడాదిలోపు పోతుంటే సగటు అక్కడే కూలిపోతుంది. అయిదేళ్ళు దాటిన పిల్లవాడు ఆ సగటు కంటే చాలా ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంది. అంటే ఆ కాలపు చావు ప్రధానంగా పసిపిల్లల చావు. మన పుస్తకాల్లో ఒక్క వాక్యం దక్కేది సరిగ్గా ఆ చావుకే.

ఈ మాటలు ఆ సభ అయ్యాక టీ దగ్గర ఒక కవిగారితో అన్నాను. ఆయన ఓపిగ్గా విని, "బాబూ, లెక్కలు సర్కారువాడివి. మనకి కన్నీళ్ళు చాలు. ఒక్క మనిషి చావులో లోకం చావుంటుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆయన మాటలో ఉన్న నిజాన్ని తీసిపారెయ్యను. జనాభా లెక్కలు తెల్లవాడు మన మీద ప్రేమతో మొదలుపెట్టలేదు. పన్నుకీ, సైన్యానికీ, కులాల్ని గళ్ళలో బిగించడానికీ పనికొచ్చాయి. ప్లేగు లెక్కల పేరుతో బొంబాయి, పూనాల్లో సిపాయిలు ఇళ్ళలోకి జొరబడ్డారు. లెక్కంటే భయపడడానికి మనకి కారణాలున్నాయి. కానీ ఆ భయం వల్ల లాభపడింది ఎవరు? గడి ఖాళీగా ఉంటే ఆనకట్ట కట్టి కాలువలో దోమల సంగతి మర్చిపోయినవాడికి లాభం, నల్లా వెయ్యనివాడికి లాభం. చనిపోయినవాడి తల్లికి ఏం లాభం?

ఇంకో మాట. మన జనం ఈ విషయంలో మన కవులకంటే నయం. మా వైపు కలరాని గత్తర అంటారు. ఇప్పటికీ తిట్టాలంటే "నీకు గత్తర రాను" అంటారు. ఇవాళ కుర్రాళ్ళు "గత్తర లేపిండు" అంటే అదరగొట్టాడని అర్థం, తాము మెచ్చుకుంటున్నది కలరా మాటతో అని వాళ్ళకి తెలీదు. మశూచి పోచమ్మ అయింది, ఊరికి గుడయింది. హైదరాబాదు బోనాల పుట్టుక గురించి చెప్పుకునే కథలో కూడా ఒక గత్తర ఉంది. తిట్లలోనూ, జాతరల్లోనూ జనం రోగాల పేర్లు దాచుకున్నారు. చదువుకున్నవాళ్ళం మనమే "విధి", "కాలం", "మట్టి పిలుపు" అని రాసి పేర్లు చెరిపేశాం.

జ్వరం అనే ముద్దలోని ఒక రోగం గుట్టు బయటికి వచ్చింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్. హుసేన్ ఖాన్ మీద తెలుగులోనో ఉర్దూలోనో ఒక కథ వచ్చి ఉంటే నాకు చెప్పండి, కొనుక్కుంటాను.

ఇప్పటిదాకా పాతకాలం గురించే మాట్లాడాను కాబట్టి మీరు హాయిగా చదువుతూ ఉంటారు. ఇక నా సంగతి.

నాయినమ్మకి మిగిలిన నలుగురిలో చిన్నవాడు మా చిన్నాయిన. చెరుకు కొట్టేవాడు, ఫ్యాక్టరీ సీజన్‌లో బండి తోలేవాడు. చెరుకు పైసలు అందడం కష్టమయ్యాక, నిజామాబాద్ జిల్లాలో వేలమంది పోయినట్టే, గల్ఫ్‌కి పోయాడు. ఏ దేశమో, ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. 2014 ఆగస్టు మొదట్లో పెట్టెలో వచ్చాడు. నలభై నాలుగేళ్ళు. శంషాబాద్ కార్గో దగ్గర సంతకం పెట్టి పెట్టెను తీసుకున్నది నేనే. కాగితం మీద చావు కారణం: సహజ మరణం, గుండె ఆగిపోవడం. పోస్ట్‌మార్టం చెయ్యలేదు.

నెల తిరక్కుండా నేనొక కవిత రాశాను. అందులో ఎడారి ఉంది, దాహం ఉంది, ఇసుక గడియారం ఉంది, చెరుకు గడలో తీపి కన్నీరవడం కూడా ఉంది. మంచి పేరొచ్చింది. ఒక సంకలనంలో వేశారు. ఇవాళ దాన్ని చదివితే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ కవిత రాసేటప్పుడు నా ఫోన్‌లో చిన్నాయిన పంపిన వాయిస్ మెసేజీలు ఉన్నాయి. జూలై చివరి వారంవి. పైకప్పు రేకుల మీద పని. కాళ్ళ పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. రెండు రోజుల తర్వాత తల తిరుగుతోందన్నాడు, తిన్నది ఆగట్లేదన్నాడు. "ఒంటేలు డికాషన్ లెక్కొస్తుందిరా" అని నవ్వాడు. ఎండపూట పని ఆపాలన్న రూలు కాగితం మీద ఉందిగానీ ఆ వారం పని ఎక్కువుందన్నాడు. ఇవేవీ కవితలో లేవు. డికాషన్ రంగు మూత్రం నా ప్రతీకల్లో ఇమడలేదు. ఆ కాగితం రాసిన డాక్టరు ఏ గడిని ఖాళీగా వదిలాడో, నేను అదే గడి మీద పువ్వులు పెట్టాను.

చిన్నాయిన ఒక్కడి సంగతి కాదిది. ప్రపంచ కప్పు ఖతార్‌కి దక్కిన తర్వాతి పదేళ్ళలో అయిదు దక్షిణాసియా దేశాల కార్మికులు ఆ ఒక్క దేశంలో కనీసం 6,500 మంది పోయారని 2021లో గార్డియన్ పత్రిక లెక్కలు వేసింది. ఆ అంకెని అందరూ స్టేడియం చావులుగా తిప్పారు. అది తప్పు, అందులో అన్ని రకాల పనులవాళ్ళూ, అన్ని కారణాలూ ఉన్నాయి. నన్ను కుదిపింది దాని కింద ఉన్న ఇంకో అంకె. భారతీయుల చావుల్లో నూటికి ఎనభై 'సహజ మరణం' గడిలో ఉన్నాయి. ఆరోగ్య పరీక్షలు చేసి మరీ తీసుకెళ్ళిన పడుచు మనుషులు. 2019లో కొందరు పరిశోధకులు 2009-2017 మధ్య అక్కడ గుండె కారణంగా పోయారని రాసిన 571 మంది నేపాలీల మీద పని చేశారు. ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే వాళ్ళలో రెండు వందల మంది దాకా బతికేవాళ్ళని తేల్చారు. 1899లో 'జ్వరం' చేసిన పనినే ఇప్పుడు 'సహజం' చేస్తోంది. గల్ఫ్ మీద మన కథలూ కవితలూ కుప్పలుగా వస్తున్నాయి. ఎన్నిటిలో ఉష్ణోగ్రత ఉంది? ఎన్నిటిలో ఎన్ని గంటలు, ఎన్ని నీళ్ళు అన్నది ఉంది?

ఇక్కడ మన పరిస్థితి గొప్పగా ఉందనుకోకండి. 1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. అర్ధ శతాబ్దం దాటాక, 2020లో, దేశంలో నమోదైన ప్రతి వంద చావుల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి 22 చిల్లర. ఇంగ్లండు 1874లో పెట్టుకున్న రూలిది. మిగతావాళ్ళు మా నాయినమ్మ పిల్లల్లాగే పోతున్నారు.

ఈ లోటుని పూడ్చడానికి ఒక పద్ధతుంది. ఇంగ్లీషులో వెర్బల్ ఆటాప్సీ అంటారు, నోటిమాటతో చేసే శవపరీక్ష. చనిపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఇంటివాళ్ళని కూర్చోబెట్టి, ముందేమైంది, తర్వాతేమైంది, ఎన్ని రోజులు, చలి పుట్టిందా, దగ్గుందా అని ఓపిగ్గా అడిగి రాస్తారు. ఆ కథనాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసుతో కలిసి ప్రభాత్ ఝా బృందం 'మిలియన్ డెత్ స్టడీ' పేరుతో దేశమంతా ఈ పని చేసింది. 2010లో వాళ్ళు చెప్పినదాని ప్రకారం డెబ్భై ఏళ్ళలోపువాళ్ళలో మలేరియా చావులు ఏటా రెండు లక్షల పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటిదాకా చెబుతున్నది పదిహేను వేలు. పెద్ద గొడవైంది, జ్వరమొచ్చి పోయినవాళ్ళందర్నీ మలేరియాలో కలిపారని. కానీయండి. గొడవ పడాల్సినంత విషయం ఉందని తెలిసింది ఇళ్ళకి వెళ్ళి అడగబట్టే.

ఇళ్ళకి వెళ్ళి, అవ్వల పక్కన కూర్చుని, ముందేమైంది తర్వాతేమైంది అని అడగడం ఎవరి పని? నాకు తెలిసి అది కథకుల పని. మన జ్ఞాపకాల రచయితలకి ఆ విద్య పుష్కలంగా ఉంది. పచ్చడి ఎలా నూరారో, బతుకమ్మ ఎలా పేర్చారో గంటలు గంటలు అడిగి రాసుకొస్తున్నారు. ఆ గంటల్లో పది నిమిషాలు అడుగుతున్నాను నేను.

దసరాకి ఊరికెళ్ళినప్పుడు నాయినమ్మ దగ్గర కూర్చున్నాను. తొంభై దగ్గర పడింది, చెవులు మందగించాయి గానీ మాట గట్టిదే. ఈసారి ఏం జరం అని అడగలేదు. ఏ నెల, ముందేమైంది అని అడిగాను.

మొదటి కొడుకు. పుట్టిన ఎనిమిదో రోజు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి బూడిద పెట్టింది. ఆరో రోజు నుంచి పాలు పట్టలేదు. "దవడలు బిగుసుకపోయినయి, ఇల్లు లెక్క ఒంగిండు." ఇల్లు అంటే విల్లు. జ్వరం సంగతి ఆమె చెప్పనే లేదు. డాక్టరు స్నేహితుడికి వినిపిస్తే రెండో వాక్యానికే ధనుర్వాతం అన్నాడు.

మూడో సంతానం, కొడుకు, మూడేళ్ళవాడు. కాలువ నీళ్ళు వదిలిన తర్వాత. "దినం ఇడిచి దినం చలిజరం. నాలుగు గొంగళ్ళు కప్పినా వణుకుడే. కడుపుల బల్ల పెరిగింది." సికింద్రాబాదులో రాస్ దోమని కోసి అప్పటికి అరవై ఏళ్ళు. నూటయాభై కిలోమీటర్లు దాటి ఆ సంగతి మా ఇంటికి చేరలేదు.

అయిదోది ఆడపిల్ల, ఏడాదిన్నర. ఎండాకాలం. "తెల్లారి నుంచి కక్కుడు, విరేచనాలు. నీళ్ళకేడ్సింది. నీళ్ళిస్తే ఇంకా ఎక్కువైతదని ఇయ్యనియ్యలేదు." ఇది విన్నాక నేను లేచి బయటికెళ్ళాను. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు సెలైన్లు అయిపోయి, నీళ్ళలో చక్కెర, ఉప్పు, సోడా కలిపి తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి వచ్చాయి. మా మేనత్త పోయింది దానికి ఏడెనిమిదేళ్ళ ముందు. ఊరి చుట్టూ చెరుకు. మూడు మైళ్ళ అవతల ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే చక్కెర ఫ్యాక్టరీ.

మళ్ళీ లోపలికెళ్ళి నోట్‌బుక్ మూస్తుంటే నాయినమ్మ అడిగింది.

"మరి చిన్నోనికేమైంది బిడ్డా? జరం గుడ రాలే గదా."

"గుండె ఆగిందని రాసిన్రు నాయినమ్మా."

"గుండె ఆగితేనే గద సచ్చేది. ఎందుకాగింది?"

ఫోన్ తీసి, 2014 జూలై మెసేజీలు వెతికి, ఆమె చెవి దగ్గర పెట్టి మొదటి నుంచి వినిపించాను.